కైరో కోట, అయ్యూబీ సుల్తానులు: తరచుగా అడిగే ప్రశ్నలు

ఈజిప్టు టూర్‌కి వెళ్ళే మనవాళ్ళు పిరమిడ్లు, మ్యూజియం అయ్యాక దాదాపు అందరూ ఎక్కే గుట్ట కైరో కోటది. అక్కడ గంటన్నర తిరిగి, పెద్ద మసీదు ముందు ఫొటోలు దిగి వచ్చేస్తారు. అసలు కోట మాత్రం చూడకుండానే మిగిలిపోతుంది. వెళ్ళబోయేవాళ్ళు, వెళ్ళొచ్చినవాళ్ళు, చరిత్ర మీద ఇష్టంతో చదివేవాళ్ళు అడిగే ప్రశ్నలకు ఇక్కడ జవాబులు రాస్తున్నాను. ఈ కోట మొదలుపెట్టించింది అయ్యూబీ వంశపు మొదటి సుల్తాను. ఇంగ్లీషు పుస్తకాల్లో సలాదిన్ అని కనిపించే ఆయన పేరు సలాహుద్దీన్. హైదరాబాద్ వాళ్ళకి ఈ పేరు అలవాటే కాబట్టి అదే వాడుతున్నాను.

ఈ కోట ఎక్కడుంది? ఎప్పటిది?

కైరో నగరానికి తూర్పున ముఖత్తమ్ కొండలు ఉన్నాయి. వాటి నుంచి నగరం వైపు పొడుచుకొచ్చిన ఒక రాతి గుట్ట మీద కోట ఉంది. పని 1176లో మొదలైంది. పాలకుడు అక్కడ కాపురం పెట్టే స్థితికి వచ్చింది మాత్రం 1207-08లో. అప్పటి నుంచి 1874లో అప్పటి పాలకుడు ఖెదీవ్ ఇస్మాయిల్ నగరంలోని ఆబ్దీన్ ప్యాలెస్‌కి మారేదాకా ఈజిప్టు పాలన చాలావరకు ఈ గుట్ట మీద నుంచే నడిచింది. 1979లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చిన చారిత్రక కైరోలో ఈ కోట కూడా భాగం.

దూరం నుంచి కనిపించే పెద్ద గోపురం, సన్నటి మినార్లు సలాహుద్దీన్ కట్టించినవేనా?

కాదు. చాలామంది పొరబడేది ఇక్కడే. అది ముహమ్మద్ అలీ పాషా మసీదు. 1830లో మొదలుపెట్టి 1848కల్లా కట్టారు. అంటే కోట పుట్టిన ఆరున్నర శతాబ్దాల తర్వాతిది, ఇస్తాంబుల్ మసీదుల పద్ధతిలోనిది. దాని కోసం అంతకు ముందున్న మమ్లూకుల (బానిస సైనికులుగా మొదలై అయ్యూబీల తర్వాత ఈజిప్టుని ఏలినవాళ్ళు) రాజభవనాల శిథిలాలను తీసేశారు. పక్కనే తక్కువ ఎత్తులో, పచ్చటి పెంకులు పొదిగిన మినార్ తలలతో ఉన్న మసీదు సుల్తాను నాసిర్ ముహమ్మద్‌ది. 1318లో కట్టి 1335లో విస్తరించారు. అది కూడా సలాహుద్దీన్ కాలానిది కాదు.

మరి ఆయన కాలానివి ఏవి అంటే గోడలు, గుండ్రటి బురుజులు, ఒక ద్వారం, ఒక బావి. ఫొటోల్లో పెద్దగా పడనివి ఇవే. నా దృష్టిలో అంత దూరం వెళ్ళి చూడాల్సినవీ ఇవే.

సలాహుద్దీన్ అరబ్బా? ఈజిప్టువాడా?

రెండూ కాదు, కుర్దు. 1137-38 ప్రాంతంలో ఇప్పటి ఇరాక్‌లోని తిక్రిత్‌లో పుట్టాడు. తండ్రి పేరు నజ్ముద్దీన్ అయ్యూబ్. వంశానికి అయ్యూబీ అన్న పేరు ఆయన నుంచే వచ్చింది. సిరియా పాలకుడు నూరుద్దీన్ కొలువులో సలాహుద్దీన్ తండ్రీ, బాబాయి షిర్కూహ్ పెద్ద సేనానులు. అప్పుడు ఈజిప్టులో ఫాతిమీ ఖలీఫాల పాలన చివరి దశలో ఉంది. ఒకవైపు జెరూసలేంని ఏలుతున్న యూరప్ క్రైస్తవ యోధులు, అంటే క్రూసేడర్లు, ఇంకోవైపు నూరుద్దీన్ దాని మీద కన్నేశారు. మూడు దండయాత్రల తర్వాత 1169లో షిర్కూహ్ అక్కడ వజీరు అయ్యాడు, రెండు నెలలకే చనిపోయాడు. ఆ పదవి ముప్ఫై ఏళ్ళు దాటిన సలాహుద్దీన్‌కి దక్కింది. 1171లో ఫాతిమీ ఖిలాఫత్ ముగిసింది. 1174లో నూరుద్దీన్ కూడా కన్నుమూశాక సలాహుద్దీన్ మీద అజమాయిషీ చేసేవాళ్ళు ఎవరూ మిగల్లేదు.

కైరోకి అప్పటికే గోడలున్నాయి కదా, మళ్ళీ కోట ఎందుకు?

ఫాతిమీల కైరో రాజుగారి నగరం. దానికి గోడలు, బాబ్ జువైలా లాంటి గొప్ప ద్వారాలు ఉండేవి. కానీ జనం, వ్యాపారం ఎక్కువగా ఉండేది దానికి దక్షిణాన ఉన్న ఫుస్తాత్‌లో. ఆ ఊరికి కాపు లేదు. 1168లో జెరూసలేం రాజు అమాల్రిక్ సైన్యంతో వచ్చినప్పుడు, ఊరు శత్రువు చేతిలో పడకూడదని అప్పటి వజీరు షావర్ ఫుస్తాత్‌ని తగలబెట్టించాడు. ఆ మరుసటి ఏడే సలాహుద్దీన్ వజీరు అయ్యాడు. కాలిన ఊరు ఆయన కళ్ళ ముందే ఉంది.

అందుకే ఆయన ప్లాన్ కోటతో ఆగలేదు. కైరోనీ ఫుస్తాత్‌నీ కలిపి ఒకే ప్రాకారం చుట్టాలి, దానికి ఆయువుపట్టుగా గుట్ట మీద కోట ఉండాలి. ఆ మహా ప్రాకారం పూర్తి కాలేదు, కోట నిలబడింది. ఇంకో కారణం కూడా ఉంది. ఆయన పెరిగిన సిరియాలో డమాస్కస్, అలెప్పో లాంటి ప్రతి పెద్ద ఊరికీ ఒక కోట ఉండేది, పాలకుడు అందులోనే ఉండేవాడు. పైగా ఫాతిమీల పాత సైన్యం 1169లో తిరగబడింది. 1174లో వాళ్ళ అభిమానుల కుట్ర బయటపడింది. బయటి శత్రువుతో పాటు లోపలివాళ్ళ గురించి కూడా టెన్షన్ ఉన్న పాలకుడు కట్టించిన కోట ఇది.

ఆ గుట్టనే ఎందుకు ఎంచుకున్నారు? మాంసం కథ నిజమేనా?

కథ ఇలా చెప్తారు. నగరంలో చాలా చోట్ల మాంసం ముక్కలు వేలాడదీయించారట. మిగతా చోట్ల ఒక్క రోజులో పాడైపోతే ఈ గుట్ట మీద మాత్రం ఇంకో రోజు నిలిచిందట. గాలి మంచిదని అక్కడే కోట కట్టమన్నాడట. ఇది కథే, కానీ గాలి సంగతి మాత్రం అబద్ధం కాదు. తొమ్మిదో శతాబ్దం మొదట్లోనే ఒక గవర్నరు చల్లగాలి కోసం ఈ గుట్ట మీద 'గాలి మేడ' కట్టించుకున్నాడు. అయితే సైన్యం నడిపేవాడికి అసలు ఆకర్షణ వేరు. ఇక్కడ నిలబడితే కైరో, ఫుస్తాత్ రెండూ కింద కనిపిస్తాయి.

ఈ చోటుకి ఒక బలహీనత ఉంది. వెనక ఉన్న ముఖత్తమ్ కొండ దీనికంటే ఎత్తు. ఆ కాలపు రాళ్ళు విసిరే యంత్రాలు అంత దూరం కొట్టలేవు కాబట్టి అప్పట్లో అది పెద్ద ఇబ్బంది కాలేదు. తర్వాత ఫిరంగులు వచ్చాక అదే ఇబ్బంది అయింది.

పని చేయించింది ఎవరు? చేసింది ఎవరు?

చేయించింది బహాఉద్దీన్ ఖరాఖూష్ అనే అమీరు. ఒకప్పుడు షిర్కూహ్ దగ్గర బానిసగా ఉన్న నపుంసక సేనాని, సలాహుద్దీన్‌కి నమ్మినబంటు. ఈజిప్టులో ఈయన పేరు ఇప్పటికీ చెడ్డగానే వినిపిస్తుంది. అడ్డగోలు తీర్పునీ మొండి పాలననీ 'ఖరాఖూష్ పాలన' అంటారు. ఆయన బతికుండగానే ఒక ఉద్యోగి ఆయన మీద వెక్కిరింత కథలు రాశాడు, అవే జనంలో నిలిచిపోయాయి. కానీ కైరో గోడలూ కోటా కట్టించింది, తర్వాత క్రూసేడర్లు ముట్టడించిన ఆక్రా నగరాన్ని 1191లో పడిపోయేదాకా కాపాడింది ఆయనే. అంత పనిమంతుడిని వెక్కిరింతల్లోనే గుర్తుపెట్టుకోవడం అన్యాయం అనిపిస్తుంది నాకు.

చేసినవాళ్ళ గురించి కళ్ళారా చూసినవాడి మాట ఉంది. స్పెయిన్ నుంచి హజ్ యాత్రకు బయల్దేరిన ఇబ్న్ జుబైర్ 1183లో కైరోలో ఆగి ఈ పని చూశాడు. పాలరాయి కోయడం, పెద్ద పెద్ద బండలు చెక్కడం, కోట చుట్టూ రాతిలో గుంటపారలతో కందకం తవ్వడం అంతా లెక్కలేనంత మంది క్రైస్తవ యుద్ధఖైదీలు చేస్తున్నారని రాశాడు. ఆ గోడల పక్కన నడిచేటప్పుడు వాళ్ళు కూడా గుర్తుకు రావాలి.

పిరమిడ్ల రాళ్ళతో కట్టారంటారు, నిజమేనా?

కొంత నిజం. ఖరాఖూష్ గీజాలోని చిన్న పిరమిడ్లను కొన్నింటిని విప్పించి ఆ రాయిని నిర్మాణాలకు వాడాడని ఆ కాలంలో ఈజిప్టులో ఉన్న వైద్యుడు అబ్దుల్ లతీఫ్ బగ్దాదీ రాశాడు. పెద్ద పిరమిడ్లు మాత్రం చెక్కుచెదరలేదు. 1196లో సలాహుద్దీన్ కొడుకు అజీజ్ ఉస్మాన్ మూడో పిరమిడ్‌ని, అంటే మెన్‌కౌరేది, కూల్చాలని మనుషుల్ని పెట్టాడు. ఎనిమిది నెలలు కష్టపడినా రోజుకి ఒకటో రెండో రాళ్ళు తప్ప ఊడలేదు. చివరికి వదిలేశారు. ఆ పిరమిడ్ ఉత్తరం వైపు నిలువుగా ఉన్న పెద్ద గాటు ఆ ప్రయత్నం మిగిల్చిందే. గీజా వెళ్ళినప్పుడు చూడండి.

గుట్ట మీద నీళ్ళు ఎలా?

ఈ కోటలో నాకు అన్నిటికంటే నచ్చింది దీని జవాబే. ఖరాఖూష్ మనుషులు గట్టి రాతిలో సుమారు 90 మీటర్ల లోతుకి బావి తవ్వారు. నైలు ఊటమట్టం అందేదాకా దిగారు. అంత లోతు నుంచి ఒక్క ఊపున నీళ్ళు తోడడం కుదరదు. అందుకే బావిని రెండు అంచెలుగా చేశారు. పై బావి సుమారు 50 మీటర్లు, కింది బావి 40 మీటర్లు. రెండూ ఒకే నిలువులో ఉండవు, పక్కకి జరిపి ఉంటాయి. మధ్య అంచెలో రాతిలోనే ఒక గది తొలిచారు. అక్కడ ఎద్దులు గానుగ తిరిగినట్టు తిరుగుతుంటే, కుండలు కట్టిన చక్రం కింది బావి నీళ్ళను మధ్య తొట్టిలో పోసేది. పైన ఇంకో జత ఎద్దులు ఆ నీళ్ళను నేల మీదకి తెచ్చేవి.

మరి ఎద్దులు మధ్య గదికి ఎలా దిగాయి? పై బావి చుట్టూ మెలి తిరుగుతూ ఏటవాలు దారి చెక్కారు. దారికీ బావికీ మధ్య పల్చటి రాతి గోడ వదిలి, దానికి చిన్న చిన్న కిటికీలు పెట్టారు, వెలుతురు కోసం. ఆ కిటికీలోంచి చూస్తే లోపలి గోడల మీద ఉలిగాట్లు వరసగా కనిపిస్తాయి. ఎవరో ఒక మనిషి ఆ ఇరుకులో కూర్చుని ఒక్కొక్క దెబ్బ కొట్టుకుంటూ దిగాడు.

దీన్ని యూసుఫ్ బావి అంటారు. జనం యూసుఫ్ ప్రవక్తతో ముడిపెట్టి చెప్పుకుంటారు గానీ, సలాహుద్దీన్ సొంత పేరు కూడా యూసుఫే. నీళ్ళు కాస్త ఉప్పన, అందుకే ముట్టడి వస్తే ఆదుకునేందుకే దీన్ని ఉంచి, మామూలు రోజుల్లో నైలు నీటినే పైకి తెచ్చుకునేవారు. పాత కైరోలో కనిపించే పొడవాటి కాలువ వంతెన ఆ పని కోసమే. దాన్ని కూడా సలాహుద్దీన్ పేరుతో పిలుస్తారు కానీ, ఇప్పుడు కనిపించేది మమ్లూకులది.

సలాహుద్దీన్ ఈ కోటలో ఎన్నాళ్ళు ఉన్నాడు?

ఉండనే లేదు. 1182లో సిరియా వైపు యుద్ధాలకు వెళ్ళినవాడు మళ్ళీ ఈజిప్టుకి రాలేదు. 1187లో హత్తీన్ దగ్గర క్రూసేడర్లను ఓడించి జెరూసలేం తీసుకున్నాడు, తర్వాత ఇంగ్లండు రాజు రిచర్డ్‌తో పోరాడాడు, 1193 మార్చి 4న డమాస్కస్‌లో చనిపోయాడు. అప్పుడు ఆయన సొంత ఖజానాలో 47 దిర్హములు, ఒక బంగారు నాణెం మాత్రమే ఉన్నాయని ఆయన దగ్గరే పనిచేసిన ఇబ్న్ షద్దాద్ రాశాడు.

కోటలోని ముదర్రజ్ ద్వారం మీద ఒక శాసనం ఉంది. హిజ్రీ 579, అంటే 1183-84 నాటిది. అందులో మూడు పేర్లుంటాయి: కట్టమన్న సలాహుద్దీన్, పర్యవేక్షించిన తమ్ముడు ఆదిల్, పని చేయించిన ఖరాఖూష్. ఆదిల్‌ని అందులో వారసుడని కూడా అన్నారు. తర్వాత జరిగిన కథంతా ఆ రాయి మీద ముందే ఉన్నట్టు అనిపిస్తుంది. కోట అన్న మొదలుపెట్టాడు, అనుభవించింది తమ్ముడి పిల్లలు.

అంటే సలాహుద్దీన్ కొడుకులకు రాజ్యం దక్కలేదా?

దక్కింది, నిలవలేదు. అయ్యూబీ రాజ్యం ఒకే సింహాసనం కింద ఉన్న సామ్రాజ్యం కాదు, అన్నదమ్ములూ చిన్నాన్న బిడ్డలూ పంచుకున్న ఉమ్మడి ఆస్తి. పెద్ద కొడుకు అఫ్దల్‌కి డమాస్కస్, అజీజ్‌కి ఈజిప్టు, జాహిర్ గాజీకి అలెప్పో వచ్చాయి. హమా, హిమ్స్, యెమెన్ తక్కిన బంధువులవి. కొడుకులు తగువు పడ్డారు. రాజీ కుదర్చడానికి వచ్చిన బాబాయి ఆదిల్ 1196లో డమాస్కస్‌నీ, 1200లో ఈజిప్టునీ తన చేతిలోకి తీసుకున్నాడు. అలెప్పో ఒక్కటే సలాహుద్దీన్ సంతతికి మిగిలింది. ఇలాంటి పంపకం బలమా, బలహీనతా అని అడుగుతుంటారు. ఇంటిపెద్ద గట్టివాడైతే బలం, ఆయన పోయిన మర్నాటి నుంచి బలహీనత.

మరి కోటని పూర్తి చేసింది ఎవరు?

ఆదిల్ కొడుకు కామిల్. తండ్రి తరఫున ఈజిప్టు చూసుకుంటూ, 1207-08లో కోట పూర్తి చేసి అందులో కాపురం పెట్టిన మొదటి పాలకుడు ఆయనే. పెద్దనాన్న కాలపు గుండ్రటి బురుజులు చిన్నవి. కామిల్ కాలంలో వాటిలో కొన్నింటి చుట్టూ ఇంకో పొర కట్టి లావు చేశారు, ముఖ్యంగా ముఖత్తమ్ వైపు దారిని కాసే రమ్లా, హద్దాద్ బురుజుల్ని. ఇంకా భారీ చతురస్రపు బురుజులు కొత్తగా కట్టారు. ఒక్కోటీ ఒక చిన్న కోటే. ఉత్తరం వైపు సైన్యం, దక్షిణం వైపు రాజభవనాలు, మధ్యలో ద్వారం అన్న ఏర్పాటు అయ్యూబీల కాలం నుంచే ఉంది.

మన ఓరుగల్లు రాతి కోట గణపతిదేవుడు మొదలుపెడితే రుద్రమదేవి పూర్తిచేసినట్టే ఇదీ రెండు తరాల పని. ఇద్దరూ ఒకే కాలంవాళ్ళు కూడా. కామిల్ 1218 నుంచి 1238 దాకా సుల్తాను, గణపతిదేవుడు 1199 నుంచి 1262 దాకా పాలించాడు.

కామిల్ జెరూసలేంని క్రైస్తవులకు ఇచ్చేశాడట, ఎందుకు?

ఇచ్చాడు, 1229లో, పదేళ్ళ ఒప్పందంతో. ముందు జరిగింది తెలియాలి. 1218లో క్రూసేడర్లు నేరుగా ఈజిప్టు మీదకే వచ్చి నైలు ముఖద్వారంలోని దమియెట్టాని ముట్టడించారు. ఆ వార్తల మధ్యే ఆదిల్ చనిపోయాడు. కామిల్ పరిస్థితి ఎంత ఇరకాటంలో పడిందంటే, ఈజిప్టు వదిలి వెళ్తే జెరూసలేం ఇచ్చేస్తానని అప్పుడే చెప్పాడు. వాళ్ళు ఒప్పుకోలేదు. 1219లో అసీసీ ఫ్రాన్సిస్ అనే క్రైస్తవ సన్యాసి యుద్ధరేఖ దాటి కామిల్ డేరాకి వచ్చి మత ప్రబోధం చేశాడు. సుల్తాను శాంతంగా విని, క్షేమంగా వెనక్కి పంపాడు. 1221లో క్రూసేడర్లు కైరో వైపు కదిలారు, అది నైలు వరద రోజులు. కామిల్ మనుషులు తూములు ఎత్తేసి దారంతా నీట ముంచారు. బురదలో చిక్కుకున్న సైన్యం లొంగిపోయి దమియెట్టాని వదిలి వెళ్ళింది.

తర్వాత జర్మన్ చక్రవర్తి రెండో ఫ్రెడరిక్ వచ్చాడు. అప్పుడు కామిల్‌కి సొంత ఇంట్లోనే గొడవలు. యుద్ధం చేయకుండా ఇద్దరూ రాయబారాలతో తేల్చుకున్నారు. నగరం క్రైస్తవులకు, అఖ్సా మసీదు ఉన్న పవిత్ర ప్రాంగణం, హరమ్, ముస్లింల చేతిలోనే. రెండు వైపులా జనం తిట్టిపోశారు. అయినా వేల ప్రాణాలు పోకుండా పదేళ్ళు గడిచాయి. ఈ వంశంలో నేను ఎక్కువ గౌరవించేది కామిల్‌ని.

క్రూసేడర్లు ఈ కోటని ఎప్పుడైనా ముట్టడించారా?

లేదు, ఇంత దూరం రాలేకపోయారు. కోట చూసిన గొడవలన్నీ ఇంటివాళ్ళవే, మమ్లూకు అమీర్ల కొట్లాటలే. 1798లో నెపోలియన్ సైన్యం మాత్రం ఇక్కడి నుంచి ఫిరంగులతో నగరం మీదనే, అల్-అజ్‌హర్ మసీదు వైపు కాల్చింది.

వంశం ఎలా ముగిసింది?

కామిల్ కొడుకు సాలిహ్ అయ్యూబ్‌కి బంధువుల మీద నమ్మకం పోయింది. గడ్డిమైదానాల నుంచి కొనితెచ్చిన తుర్కు కుర్రాళ్ళని, అంటే మమ్లూకుల్ని, పెద్ద సంఖ్యలో సైనికులుగా పెంచాడు. వాళ్ళ కోసం నైలులోని రౌదా దీవిలో కొత్త కోట కట్టి తానూ అక్కడికే మారాడు. 1249లో ఫ్రాన్సు రాజు తొమ్మిదో లూయీ దండెత్తి వచ్చిన వేళ సాలిహ్ చనిపోయాడు. భార్య షజరుద్దుర్ ఆ సంగతి బయటికి పొక్కనీయకుండా, ఆయన పేరుతోనే ఆజ్ఞలు పంపిస్తూ యుద్ధం నడిపించింది. మన్సూరా దగ్గర మమ్లూకులు గెలిచారు, లూయీ బందీ అయ్యాడు. వారసుడు తూరాన్‌షా వచ్చాడు, కానీ గెలిపించినవాళ్ళని పక్కనపెట్టి తనవాళ్ళకి పదవులిచ్చాడు. 1250 మేలో మమ్లూకులు అతన్ని చంపి షజరుద్దుర్‌ని గద్దె మీద కూర్చోబెట్టారు. ఒకప్పుడు బానిసగా వచ్చిన స్త్రీ సుల్తానైంది, సుమారు ఎనభై రోజులు.

తర్వాత ఐబక్ అనే మమ్లూకుని పెళ్ళాడి అధికారం అతనికిచ్చింది. ఏడేళ్ళకు ఆమె మనుషులే అతన్ని కోటలోని స్నానశాలలో చంపారు. కొద్ది రోజుల్లోనే ఆమెనీ చంపి దేహాన్ని కోట బయట పడేశారు. ఆమె సమాధి ఇప్పటికీ కైరోలో ఉంది.

అయ్యూబీలందరూ అప్పుడే అయిపోయారా?

ఈజిప్టు శాఖ మాత్రమే. డమాస్కస్, అలెప్పోలు 1260లో మంగోలుల ధాటికి పోయాయి. హమా శాఖ మమ్లూకుల కింద 1341 దాకా నడిచింది. భూగోళ శాస్త్రంలో పేరున్న అబుల్ ఫిదా ఆ శాఖవాడే. టైగ్రిస్ ఒడ్డున హిస్న్ కైఫాలో ఇంకో శాఖ పదిహేనో శతాబ్దం దాకా ఉంది. ఇప్పటి టర్కీలోని ఆ పాత ఊరు, హసన్‌కేఫ్, 2020లో ఇలిసు డ్యామ్ నీళ్ళలో చాలావరకు మునిగిపోయింది. అక్కడ పోయిన చరిత్ర తలుచుకుంటే బాధే.

సలాహుద్దీన్ సమాధి కోటలో ఉందా?

లేదు. డమాస్కస్‌లో, ఉమయ్యద్ మసీదు పక్కన.

సిరియాలో కూడా 'సలాహుద్దీన్ కోట' ఉందంటారు?

అది వేరు. లతాకియా దగ్గర కొండల్లో ఉన్న ఆ కోట పాత పేరు సహ్యూన్. క్రూసేడర్లది, 1188లో సలాహుద్దీన్ గెలిచాడు. ఆయన పేరు పెట్టింది ఇరవయ్యో శతాబ్దంలో. ఇంటర్నెట్‌లో రెండిటి ఫొటోలు కలిసిపోతుంటాయి, చూసుకోండి.

ఈజిప్టు జెండా మీది గద్ద ఈ కోటదేనా?

కోట పడమటి గోడ మీద రాతిలో చెక్కిన గద్ద ఉంది, తల ఇప్పుడు లేదు. అది సలాహుద్దీన్ చిహ్నమని చెప్పుకుంటారు. జెండా మీది గద్దకి ఆ పేరే స్థిరపడింది. అయితే ఆ చెక్కడం ఆయనదేనని తేల్చే శాసనం లేదు.

వెళ్తే ఏ వరసలో చూడాలి?

పూట మొత్తం పెట్టుకోండి. ముందు ఉత్తర భాగం గోడల వెంబడి నడవండి, గుండ్రటి బురుజు ఎక్కడ సలాహుద్దీన్‌దో, చదరంగా ఉన్నది ఎక్కడ కామిల్‌దో మీకే తెలిసిపోతుంది. ముదర్రజ్ ద్వారం తర్వాతి కట్టడాల మధ్య ఇరుక్కుపోయి ఉంటుంది, అడిగితే గానీ దొరకదు. బావి, కొన్ని బురుజులు మరమ్మతుల వల్ల మూసి ఉండొచ్చు కాబట్టి గైడ్‌ని బుక్ చేసుకునేటప్పుడే ఈ మూడిటి పేర్లూ చెప్పి కనుక్కోండి. లేకపోతే నేరుగా పెద్ద మసీదుకే తీసుకెళ్తారు. తర్వాత నాసిర్ ముహమ్మద్ మసీదు, చివరగా ముహమ్మద్ అలీ మసీదు. దాని పక్క డాబా నుంచి, దుమ్ము లేని రోజున పడమట పిరమిడ్లు కూడా కనిపిస్తాయి. ఎండ ఎక్కువ కాబట్టి పొద్దున్నే తెరవగానే వెళ్ళి గోడలు ముందు పూర్తిచేయండి, మసీదుల్లో నీడ ఉంటుంది, గోడల దగ్గర ఉండదు.